ఫర్కిన్ అంటే పీపానా, తూమా, బకెట్టా?

#1 · పెన్నేరు

1800ల నాటి ఐర్లండ్ కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో ఒక రైతు బండి మీద 'టెన్ ఫర్కిన్స్ ఆఫ్ బటర్' వేసుకుని కార్క్ ఊరి మార్కెట్‌కు వెళ్తాడు. నిఘంటువులో 'చిన్న పీపా. 9 గ్యాలన్లు' అని ఉంది. వెన్నను గ్యాలన్లలో కొలుస్తారా? 'పది పీపాల వెన్న' అంటే చాలా?

ఇదే మాట పాత ఇంగ్లిష్ బైబిల్లో నీళ్ల బానల దగ్గర కనిపించింది. అమెరికాలో పాత సామాన్లు అమ్మే సైట్లలో వెతికితే మూత, పిడి ఉన్న చెక్క బకెట్లు వస్తున్నాయి. ఇవన్నీ ఒకటేనా?

#2 · నిఘంటుపురుగు

మాట ఒకటే, వస్తువులు వేరు.

ముందు పుట్టుక చూద్దాం. మధ్యయుగపు డచ్చి భాషలో 'వియర్డ' అంటే నాలుగోది. దాని వెనక 'కిన్' అనే ముద్దు ప్రత్యయం చేరింది. గొర్రెపిల్లను ల్యాంబ్‌కిన్ అంటారు కదా, ఆ కిన్నే. నాప్‌కిన్‌లో ఉన్నదీ అదే. డచ్చివాళ్ల ఆ మాట ఇంగ్లిష్‌లోకి 'ఫెర్డెకిన్'గా దిగి, నోళ్లలో నలిగి ఫర్కిన్ అయింది. 'బుల్లి పావు' అన్నమాట. దేనిలో పావు అంటే, బ్యారెల్‌లో. మన 'అరసోల' పేరులోనే సోలలో సగమని ఉన్నట్టు, దీని పేరులోనే లెక్క ఉంది.

ఈనాటి బీరు పీపాల వరస ఇదీ: పిన్ 4½ గ్యాలన్లు, ఫర్కిన్ 9, కిల్డర్‌కిన్ 18, బ్యారెల్ 36, హాగ్స్‌హెడ్ 54. బ్యారెల్ దాకా రెట్టింపు అవుతూ వచ్చి, హాగ్స్‌హెడ్ దగ్గర ఒకటిన్నర రెట్లకు తగ్గుతుంది. కిల్డర్‌కిన్‌లో కూడా 'కిన్' ఉంది గానీ దాని మూలం వేరు, అది క్వింటాల్‌కు చుట్టం.

మీ నిఘంటువు చెప్పిన 9 గ్యాలన్లు బీరు సంగతి. వెన్నకు పనికిరాదు.

#3 · అడ్డసోలగిద్ద

వెన్న ఫర్కిన్ అంటే తూకం. ఇంగ్లండ్‌లో 1662 నాటి చట్టం ప్రకారం ఫర్కిన్‌లో అసలు వెన్న 56 పౌండ్లు ఉండాలి, పీపాతో కలిపి 64. అంటే పీపాకు తరుగు 8 పౌండ్లు. 56 పౌండ్లు అనేది ఎక్కడిదో అంకె కాదు, 112 పౌండ్ల హండ్రెడ్‌వెయిట్‌లో సరిగ్గా సగం. లెక్క రాసుకునే షావుకారుకు సుఖం.

పెన్నేరు గారి బండి మీద ఉన్న సరుకు:
వెన్న 10 × 56 = 560 పౌండ్లు, 254 కిలోలు.
పీపాలతో కలిపి 640 పౌండ్లు, 290 కిలోలు.

సబ్బు ఫర్కిన్ మళ్లీ వేరు, అది 64 పౌండ్ల సబ్బు. కాబట్టి పాత పద్దుల పుస్తకంలో 'ఫర్కిన్' అని మాత్రమే ఉండి, పక్కన సరుకు పేరు లేకపోతే, దాన్ని కిలోల్లోకి మార్చకండి.

#4 · పెన్నేరు

ధన్యవాదాలండీ. ఒక్క సందేహం. పీపా ఒకటే, బీరు పోస్తే 9 గ్యాలన్లు, వెన్న పెడితే 56 పౌండ్లు అనా?

#5 · అడ్డసోలగిద్ద

కాదు. లెక్క వేస్తే తేలిపోతుంది. ఇంపీరియల్ గ్యాలన్ 4.546 లీటర్లు, 9 గ్యాలన్లంటే 40.9 లీటర్లు. వెన్న నీళ్లకంటే తేలిక, లీటరుకు దాదాపు 0.91 కిలో. 9 గ్యాలన్ల పీపా నిండా వెన్న దట్టిస్తే 37 కిలోలు, అంటే 82 పౌండ్లు పడుతుంది. 56 పౌండ్ల వెన్నకు 28 లీటర్లు చాలు, అంటే ఆరు గ్యాలన్లకు కాస్త పైన. కాబట్టి వెన్న ఫర్కిన్ బీరు ఫర్కిన్‌కంటే చిన్న పీపా. పేరు కలిసింది, అచ్చు కలవలేదు.

#6 · చిత్రావతి

ఎందుకింత గందరగోళం? ఫర్కిన్ అంటే 40.9 లీటర్లు. బ్రూవరీల వాళ్లంతా అదే అంటారు. పాత వాడుక పోయింది.

#7 · నిఘంటుపురుగు

ఇవాళ్టి బ్రూవరీకి అది నిజమే చిత్రావతి గారూ. కానీ కథ 1800ల నాటిది, సరుకు వెన్న.

బీరులోనైనా ఆ అంకె మొదటినుంచీ లేదు. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1531 చట్టంలో, ఏల్ బ్యారెల్ 32 గ్యాలన్లు, బీరు బ్యారెల్ 36. హాప్ పూలు వేయని పాత పానీయం ఏల్, వేసింది బీరు. కాబట్టి ఏల్ ఫర్కిన్ 8, బీరు ఫర్కిన్ 9. ఆ గ్యాలన్ కూడా ఇప్పటిది కాదు. 282 ఘనపు అంగుళాలది, 4.62 లీటర్లు. ఇంపీరియల్ గ్యాలన్ 1824 చట్టంతో వచ్చింది. అంటే పాత ఏల్ ఫర్కిన్ 37 లీటర్లు, పాత బీరు ఫర్కిన్ 41.6 లీటర్లు. 40.9 అనేది 1824 తర్వాతి మాట.

#8 · మేడమీదపిల్లి

మన కుంచం కథే ఇదీ. ఈ ఊరి కుంచం ఆ ఊళ్లో చెల్లదు.

#9 · అడ్డసోలగిద్ద

పిల్లి గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. గరిసె చూడండి. ధాన్యం పోసుకునే కొట్టూ గరిసే, ధాన్యం కొలతా గరిసే. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కల్లో ఇంగ్లిష్‌వాళ్లు దాన్నే 'గార్స్' అని రాసుకున్నారు. పాత్ర పేరు కొలత పేరవడం వాళ్ల సొత్తేమీ కాదు.

#10 · కొయ్యసుత్తి

కార్క్ మార్కెట్ గురించి కాస్త. అనువాదంలో ఆ దృశ్యం రావాలంటే అక్కడ ఏం జరిగేదో తెలియాలి.

కార్క్‌లో వర్తకుల కమిటీ 1769లో ఏర్పడింది. చుట్టుపక్కల కౌంటీల నుంచి, కెర్రీ కొండల నుంచి 'బటర్ రోడ్లు' అనే దారుల మీదుగా ఫర్కిన్లు వచ్చేవి. వచ్చిన ప్రతి పీపానూ తూచేవారు, పరీక్షించేవారు. పరీక్ష ఎలాగంటే, మన దగ్గర బస్తాలోకి బొంగు ఊచ గుచ్చి ధాన్యం నమూనా లాగినట్టు, వెన్నలోకి బోలు ఊచ దించి అడుగుదాకా ఉన్న వెన్నను పైకి లాగేవారు. పైన మంచిది, అడుగున పాతది పెట్టే మోసం అక్కడే బయటపడేది. వాసన, రుచి, రంగు, ఉప్పు చూసి మొదటి రకం నుంచి ఆరో రకం దాకా తరగతి కట్టి, పీపా మీద గుర్తు చెక్కేవారు. రైతుకు దక్కే ధర ఆ గుర్తును బట్టే.

పీపాలోనూ పనితనం ఉంది. పలకలు ఓక్‌వి. కొత్త పీపాలో నేరుగా వెన్న పెడితే చెక్క వాసన ఎక్కుతుంది, చెక్క వెన్నలోని తేమ పీల్చుకుంటుంది. అందుకని ముందు ఉప్పునీళ్లతో నానబెట్టి, లోపల ఉప్పు రాసి, అప్పుడు వెన్న పెట్టేవారు. గుప్పెడు గుప్పెడుగా వేసి, కొయ్యతో దట్టించి, మధ్యలో గాలి లేకుండా చూడాలి. గాలి చిక్కిన చోటే వెన్న కనరెక్కుతుంది. పైన మళ్లీ ఉప్పు. వెస్టిండీస్‌లాంటి వేడి దేశాలకు ఓడలో వారాల తరబడి పోవాల్సిన సరుకు కాబట్టి ఉప్పు దండిగా వేసేవారు.

నానబెట్టడంలో చిక్కొకటి ఉంది. తడిసిన చెక్క బరువు పెరుగుతుంది. ఎండిన పీపాను తూచి 8 పౌండ్ల తరుగు రాసుకుంటే, తడి పీపా మోసే అదనపు బరువు వెన్న లెక్కలో కలిసిపోతుంది. కొనేవాడు నీళ్లకు డబ్బులిచ్చినట్టే. పీపా తూకం మీద అంత పట్టింపు అందుకే.

1855లో కట్టిన 'ఫర్కిన్ క్రేన్' అనే గుండ్రటి భవనం ఇప్పటికీ కార్క్‌లో ఉంది. ఫర్కిన్లు తూచిన చోటు అది. ఇప్పుడక్కడ నాట్యం నేర్పుతారు. మార్కెట్ 1924లో మూతపడింది. ఉప్పు తక్కువగా ఉండే డెన్మార్క్, నార్మండీ వెన్న వచ్చాక ఈ ఉప్పువెన్నను అడిగేవాళ్లు తగ్గిపోయారు.

#11 · పెన్నేరు

ఊచ గుచ్చి చూసే సంగతి బంగారం. కథలో రైతు 'అది థర్డ్స్‌కు పోతుందేమో' అని బెంగపడతాడు. అదేమిటో ఇప్పుడర్థమైంది, మూడో రకం.

#12 · సిలోయం

బైబిల్ ప్రశ్నకు జవాబు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో యోహాను 2:6 దగ్గర ఉన్నది ఫర్కినే. కానా పెళ్లిలో ఆరు రాతి బానలు, ఒక్కోటి రెండో మూడో ఫర్కిన్లు పడుతుంది. గ్రీకు మూలంలో ఉన్న కొలత మెట్రెటేస్, దాదాపు 39 లీటర్లు. అప్పటి ఇంగ్లిష్ పాఠకుడికి మెట్రెటేస్ తెలియదు కాబట్టి, తన ఊరి ఏల్ దుకాణంలో రోజూ చూసే ఫర్కిన్ పెట్టారు. 37, 41.6 లీటర్లకు మధ్యలో 39. గురి బాగానే తగిలింది.

రెండు మెట్రెటేస్‌లు 78 లీటర్లు, మూడయితే 117. ఆరు బానలూ కలిపితే 470 నుంచి 700 లీటర్ల నీళ్లు. చిన్న కుండలనుకుంటే ఆ సన్నివేశమే తప్పుతుంది.

తెలుగు బైబిల్లో అదే చోట 'తూములు' అని ఉంది.

#13 · అడ్డసోలగిద్ద

ఆ తూము ముచ్చటైన ఎంపిక. అయితే తూము గింజల కొలత. 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. నీళ్లను తూములతో కొలిచే అలవాటు మనకు లేదు. కానీ వినేవాడికి 'పెద్ద బాన' అని తట్టాలి, తట్టింది. ఇంగ్లిష్‌వాళ్లు ఏల్ కొలత పెట్టుకున్నారు, మనవాళ్లు వడ్ల కొలత పెట్టుకున్నారు.

ఇప్పటి కుర్రవాళ్లకు తూము అంటే చెరువు కట్ట కింద నీళ్లు వదిలే తూమే గుర్తొస్తుంది. 'రెండేసి మూడేసి తూములు' అని చదివి బానకు అన్ని తూములెందుకు అనుకుంటారు. అందులో వాళ్ల తప్పేం లేదు.

#14 · మేడమీదపిల్లి

అయితే వెన్నకు కూడా 'పది తూముల వెన్న' అందామా 😀

#15 · నిఘంటుపురుగు

అనకూడదు. తూము ఘనపరిమాణం, వెన్న ఫర్కిన్ తూకం. పైగా 'తూము' అనగానే కథ గోదావరి జిల్లాకు వచ్చేస్తుంది.

#16 · ఫిజిక్స్‌మాస్టారు

ఇంకో ఫర్కిన్ కూడా ఉంది, ఇంజినీరింగ్ కాలేజీల్లో కనిపిస్తుంది. ఎఫ్ఎఫ్ఎఫ్ ప్రమాణాలని ఒక హాస్య పద్ధతి: పొడవుకు ఫర్లాంగ్, ద్రవ్యరాశికి ఫర్కిన్, కాలానికి ఫోర్ట్‌నైట్, అంటే 14 రోజులు. ఇక్కడ ఫర్కిన్ అంటే 90 పౌండ్లు, 40.8 కిలోలు. ఎందుకు 90? ఇంపీరియల్ గ్యాలన్‌ను మొదట నిర్వచించిందే 10 పౌండ్ల నీళ్లు పట్టే చోటుగా. 9 గ్యాలన్లు అంటే 90 పౌండ్ల నీళ్లు. నీళ్లు కాబట్టి కిలో అంకె, లీటరు అంకె దాదాపు ఒకటే అయ్యాయి.

ఫర్లాంగ్ 201.168 మీటర్లు, ఫోర్ట్‌నైట్ 12,09,600 సెకన్లు. ఫోర్ట్‌నైట్‌కు ఒక ఫర్లాంగ్ వేగమంటే సెకనుకు 0.166 మిల్లీమీటర్లు, నిమిషానికి దాదాపు సరిగ్గా ఒక సెంటీమీటరు. కాంతి వేగం ఫోర్ట్‌నైట్‌కు 1.8026 × 10¹² ఫర్లాంగులు. పిల్లలకు యూనిట్ల మార్పిడి నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క లేదు. సెకన్లకు మార్చేటప్పుడు 14 రోజులను 15 అనుకునేవాళ్లు ఎక్కువ, మన పక్షం లెక్క తలలో ఉంటుంది మరి.

వీఎంఎస్ అనే పాత కంప్యూటర్ వ్యవస్థలో ఒక సెట్టింగును నిజంగానే మైక్రోఫోర్ట్‌నైట్లలో ఇవ్వాలి. ఒకటి 1.2096 సెకన్లు.

#17 · చిత్రావతి

సరే, ఒప్పుకున్నాను. మరి బీరు ఫర్కిన్ ఇంకా వాడుకలో ఉందా, లేక పేరే మిగిలిందా? కెగ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

#18 · సెల్లార్‌మెట్లు

బ్రిటన్ పబ్బుల్లో రోజూ వాడేది ఫర్కినే. కెగ్‌లో బీరును వడగట్టో వేడిచేసో నింపి, గ్యాస్ ఒత్తిడితో బయటికి తోస్తారు. ఫర్కిన్‌లాంటి కాస్క్‌లో ఈస్ట్ బతికే ఉంటుంది, పీపాలోనే పులియడం పూర్తవుతుంది. ఇప్పుడు చెక్కవి తక్కువ, స్టీలువీ ప్లాస్టిక్‌వీ ఎక్కువ. నిండిన స్టీలు ఫర్కిన్ 50 కిలోలు దాటుతుంది, ఒక్కరు ఎత్తకూడదు.

భాగాలు మూడు గుర్తుపెట్టుకోండి. నడుము మీద ఉన్న పెద్ద బెజ్జానికి కొట్టే బిరడా షైవ్. ముందు పలకలో అంచు దగ్గర ఉన్న చిన్న బిరడా కీస్టోన్, కుళాయి దిగేది అందులోకే. షైవ్ నడుమ గుచ్చే సన్నటి కొయ్య మేకు స్పైల్. స్పైల్ రెండు రకాలు: మెత్తది గాలిని పోనిస్తుంది, గట్టిది బిగిస్తుంది.

రాగానే పీపాను స్టిల్లేజ్ అనే చట్రం మీద పడుకోబెట్టి, షైవ్ నెత్తిన, కీస్టోన్ అడుగున ఉండేలా తిప్పి, కదలకుండా మూడు చోట్ల కొయ్య ముక్కలు పెడతారు. ఆ తర్వాత కదిలించకూడదు. గది 11 నుంచి 13 డిగ్రీలు. మెత్తటి స్పైల్ దించగానే నురగ పొంగుతుంది, దాన్ని తుడుస్తూ ఉండాలి. తుడిచాక నురగ మెల్లగా తేలడం మొదలయ్యాక గట్టి స్పైల్‌కు మారతారు. ఈలోగా మడ్డి అడుగుకు దిగుతుంది. ఒక రోజైనా పడుతుంది.

కుళాయి మూసి ఉందో లేదో చూసుకుని, కొయ్య సుత్తితో ఒక్క గట్టి దెబ్బ. నాలుగు చిన్న దెబ్బలు వేస్తే మడ్డి లేస్తుంది, కీస్టోన్ వంకరగా చీలి కారుతుంది. కుళాయి తెరిచి ఉంటే మీ చొక్కా తడుస్తుంది.

పోసేటప్పుడు గట్టి స్పైల్ వదులు చేయాలి. లేకపోతే లోపల గాలి లేక ధార ఆగిపోతుంది, కుళాయి పాడైందనుకుంటారు. రాత్రి మూసేటప్పుడు మళ్లీ బిగించాలి. మర్చిపోతే తెల్లారేసరికి చప్పబడుతుంది. తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. సగం అయ్యేలోపు వెనకవైపు మెల్లగా ఎత్తాలి, అదీ ఎవరికీ పోయని సమయంలో. చివర్లో ఎత్తితే మడ్డంతా ముందుకొచ్చి గ్లాసులో పడుతుంది.

కాగితం మీద 72 పైంట్లు. అడుగున మడ్డితో కొంత పోతుంది కాబట్టి 72 పైంట్ల అమ్మకం చూపించే లెక్కను నమ్మకండి.

#19 · మేడమీదపిల్లి

పబ్బు పేర్లలో కూడా ఉండేది. 1979లో లండన్‌లో 'గూస్ అండ్ ఫర్కిన్' తెరిచాక, ఫలానా అండ్ ఫర్కిన్ అని బోలెడు వచ్చాయి. ఆ మాట ఇంగ్లిష్‌లో ఒక బూతు మాటలా వినబడుతుందనే కదా. దాన్ని తెలుగులోకి తేవడం ఎవరి తరమూ కాదు.

#20 · కొయ్యసుత్తి

అమెరికా బకెట్ మిగిలింది. న్యూ ఇంగ్లండ్‌లో ఫర్కిన్ అంటే వంటింట్లో పంచదార, పిండి పోసుకునే మూత ఉన్న చెక్క బకెట్. 'షుగర్ బకెట్' అన్నా అదే. మసాచుసెట్స్‌లో హింగమ్ ఊరికి 'బకెట్ టౌన్' అనే పేరు వీటివల్లే వచ్చింది. పీపాలా నడుము ఉబ్బి ఉండదు. అడుగు వెడల్పు, పైకి సన్నం. నిలువు పలకల చుట్టూ చెక్క పట్టీలు, ఆ పట్టీల కొసలు వేళ్లలా కోసి ఒకదాని మీద ఒకటి మేకులతో బిగిస్తారు. వంపు తిరిగిన చెక్క పిడి అటూ ఇటూ ఊగుతుంది.

వీటికి 9 గ్యాలన్లూ లేదు, 56 పౌండ్లూ లేదు. రకరకాల సైజులు. అక్కడ ఫర్కిన్ కొలత కాదు, ఒట్టి పాత్ర.

#21 · పెన్నేరు

ఇన్నాళ్లూ నిఘంటువును తిట్టుకున్నాను. ఇప్పుడిక పీపా, డబ్బా, జాడీ, సిద్దెల్లో ఏది?

#22 · నిఘంటుపురుగు

సిద్దె తోలుది, నెయ్యి నూనెలకు. జాడీ పింగాణీది. డబ్బా అంటే రేకు తలకెక్కుతుంది. చెక్క పలకలు, పట్టీలు రావాలంటే పీపా తప్ప దారి లేదు. అది పోర్చుగీసువాళ్లు ఇచ్చిన మాట. ఇంగ్లిష్‌లో 'పైప్' అనే పెద్ద వైన్ పీపా దానికి చుట్టమే, 470 లీటర్లు దాటుతుంది. అందుకే ఒట్టి 'పీపా' అంటే తారు పీపా అంత ఊహిస్తారు. 'చిన్న పీపా' అనండి.

మొదటిసారి మాత్రం 'అర మణుగుకు తక్కువ కాని...' అంటూ మన తూకాలు తేకండి. మణుగు ఒక్కో చోట ఒక్కో బరువు. ఒక గందరగోళాన్ని ఇంకో గందరగోళంతో తుడిచినట్టవుతుంది.

#23 · అడ్డసోలగిద్ద

నా సూచన: 'బండి మీద పది ఫర్కిన్ల వెన్న. ఒక్కో చిన్న పీపాలో పాతిక కిలోలు.' రెండో వాక్యంతో పాఠకుడికి బరువు అందుతుంది. ఆపైన ఫర్కిన్ అనే వాడండి. కిలోలు ఆ కాలానివి కావు అనిపిస్తే '56 పౌండ్లు' పెట్టండి.

#24 · పెన్నేరు

ఇలా రాశాను: 'బండి నిండా పది ఫర్కిన్లు. ఒక్కో చిన్న ఓక్ పీపాలో యాభై ఆరు పౌండ్ల ఉప్పువెన్న. ఊచ గుచ్చేవాడు ఏ రకమంటాడో.'

#25 · కొయ్యసుత్తి

బాగుంది. 'బండి నిండా' తీసేయండి. పది ఫర్కిన్ల వెన్న అంతా కలిపి 280 లీటర్ల చోటే. బండి నిండదు.

#26 · తులసికోట

ఆలస్యంగా వచ్చాను. ఆ అమెరికా బకెట్‌లాంటిదే ఒకటి ఇంట్లో ఉంది. నీళ్లు పోస్తే అడుగునుంచి కారుతోంది. పట్టీలు వదులయ్యాయి. ఫెవికాల్ పూయొచ్చా?

#27 · కొయ్యసుత్తి

పూయకండి. జిగురు పట్టిన చోట చెక్క ఉబ్బలేదు, పక్క సందు పెద్దదవుతుంది. ఎండి కుంచించుకున్నందువల్లే కారుతోంది. ముందు పట్టీలను మెల్లగా కిందికి తట్టండి. అడుగు వెడల్పు కాబట్టి కిందికి వెళ్తేనే బిగుస్తాయి. చెక్క ముక్క అడ్డం పెట్టి చుట్టూ తిప్పుతూ కొట్టండి, ఒకే చోట కొడితే పట్టీ చీలుతుంది. తర్వాత తడిగుడ్డ చుట్టి, లోపల రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి ఒక రోజు ఉంచండి. పాత రంగు ఉంటే నీళ్లు బయటికి తగలనివ్వకండి, రంగు లేస్తుంది. పంచదార పోసుకోవడానికైతే అసలు తడపక్కర్లేదు, పట్టీలు బిగిస్తే చాలు.